మేము తప్ప

రోము చక్రవర్తి శాంతి బాట మీద ఉండేది. బాట దిగితే ఉండేది కాదు. మా వెజైసలో పాలు మరవని పిల్లకు కూడా ఈ సంగతి తెలుసు.

బాట అంటే పాలరాతి బాట. పైన కొండల్లో చక్రవర్తి గనులున్నాయి. ఊదా చారల తెల్లరాయిని అక్కడ స్తంభాలుగా చెక్కి, బండ్లకెత్తి, పడమటి రేవుకు తోలుకుపోతారు. అక్కణ్ణించి ఓడల్లో రోముకు పోతుంది. ఒక్కో స్తంభానికి పది జతల ఎద్దులు కావాలి. ఎద్దు పడిపోతే సిపాయిలు దాన్ని పక్కకు ఈడ్చేస్తారు. బాట దిగి దగ్గర్లో ఉన్న ఊళ్ళోకి వచ్చి ఇంకో ఎద్దును విప్పుకుపోతారు. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు రాజసేవ. మేము వెట్టి అనేవాళ్ళం. బాట మీద చౌకీ ఉన్న ఊళ్ళే ఎద్దులివ్వాలని వాళ్ళ చట్టంలోనే ఉంది. మా ఊరు బాట మీద లేదు, మైలున్నర లోపలికి ఉంది. అయినా వచ్చేవాళ్ళు. చౌకీ ఊళ్ళో అడిగితే చీటీ రాయాలి, సంతకం పెట్టాలి. మా ఊళ్ళో అయితే కొరడా చూపిస్తే చాలు.

నేను ఈ ఊరికి కోడలుగా వచ్చిన ఏడు పన్నెండు జతల ఎద్దులుండేవి. నేను చెప్పే నాటికి మూడు జతలు మిగిలాయి. అందులో ఒకటి నాది. నల్లచెవి, మొండి. మొండికి ఆ పేరు ఊరికే రాలేదు. అంతకు ముందున్న జతను పట్టుకుపోయినప్పుడు వాటిని తిరిగి తెచ్చుకుందామని నా మొగుడు బండి వెంట రేవు దాకా పోయాడు. ఎద్దులూ రాలేదు, ఆయనా రాలేదు. రేవులో జ్వరమొచ్చి పోయాడని ఒక బండివాడు వచ్చి చెప్పాడు.

మేము దున్నే నేల చక్రవర్తి సొంత కమతం. నేల ఆయనది, ఎద్దులు మావి. ఒక్క ఏడు దున్నలేకపోతే పెత్తందారు మమ్మల్ని లేపి వేరేవాళ్ళను పెడతాడు. అంటే చక్రవర్తి సిపాయి మా ఎద్దును పట్టుకుపోతాడు, ఎద్దు లేదని చక్రవర్తి పెత్తందారు మమ్మల్ని వెళ్ళగొడతాడు. నాణెం మీద మాత్రం శాంతి తల్లి నిలబడి ఉంటుంది. ఆమె చేతిలో ఏదో ఆకుల కొమ్మ. మా చలి నేల మీద ఆ చెట్టు బతకదు.

అర్జీ పెడదామన్నది నేనే. మా తమ్ముడు త్రోఫిము రోములో చక్రవర్తి కావలి దండులో ఉన్నాడు. కాగితం చేతిలో పెడితే పై వాళ్ళకు అందించగలడు. ఊరి పెద్ద జోతికుకు నచ్చలేదు గాని మూడు జతల్లో ఒకటి ఆయనది కూడా. ఇద్దరం పట్నం పోయి అంగడి వీధిలో అర్జీలు రాసే గ్లైకోను ముందు కూర్చున్నాం. ఆయన రెల్లు కలం ముంచి, గొంతు సవరించుకుని, రాసుకుంటూ పైకి చదివాడు.

"పరమ ధన్యమైన తమరి పాలనలో, భూమండలమంతా శాంతితో, సుఖంతో, నిశ్చింతగా జీవిస్తున్న ఈ కాలంలో..."

"ఎవరు సుఖంగా ఉంది?" అన్నాను.

"అదట్టానే మొదలుపెట్టాలమ్మా."

"అబద్ధం గదా."

"అబద్ధం కాదు, మర్యాద. నలభై ఏళ్ళుగా రాస్తున్నా. మొదట్లో ఈ మాట లేకపోతే అక్కడ కాగితం విప్పను కూడా విప్పరు."

జోతికు నా మోచేతి మీద పొడిచాడు. "ఊరుకోవే అమ్మాయ్. పెద్దాయన పని పెద్దాయన్ని చేసుకోనీ."

 ఆ వాక్యాన్ని లోపల్లోపల ఇంకోసారి చదువుకున్నాను.

"సరే, రాయి. అందరూ సుఖంగా ఉన్నారనే రాయి. శాంతితో, నిశ్చింతతో, ఇంకా ఏమేముంటే అవన్నీ రాయి. వాక్యం చివర రెండు మాటలు పెట్టు. మేము తప్ప."

గ్లైకోను కలం కింద పెట్టాడు. "ఇంత నున్నటి వాక్యానికి ఆ తోకేందమ్మా?"

"ఆ తోక కోసమే ఇంత దూరం నడిచొచ్చాం."

రాశాడు. చివర్న, ఇది ఆగకపోతే పొయ్యిలార్పి పిల్లాజెల్లతో ఊరు వదిలిపోతామని, ఖాళీ నేల మీద తమరు ఏం పండించుకుంటారో పండించుకోండని చెప్పించాను. ఆయన బిత్తరపోయాడు. "చక్రవర్తినే బెదిరిస్తావా?"

"బెదిరించట్లా. ముందే చెబుతున్నా. చెప్పకుండా పోతే తప్పంటారు గదా."

జవాబు రావడానికి రెండు దుక్కులు పట్టింది. కావలి దండులో చేరిన ఎవరో మా పక్క మనిషి సెలవు మీద వస్తూ తెచ్చాడు. రోములో గోడకు అంటించిన దాన్ని మా తమ్ముడు తన చేత్తో ఎత్తి రాసి పంపాడు. పైన చక్రవర్తి పేరు, కింద నాలుగు వరుసలు. "వెజైస రైతులకు. మీరు చెప్పుకున్నది గవర్నరు విచారిస్తాడు. దండువాళ్ళు గాని బండ్లవాళ్ళు గాని బాట దిగి మిమ్మల్ని బాధించరాదు."

జోతికు కాగితాన్ని తిప్పి వెనక వైపు కూడా చూశాడు. "ఇంతేనా? గవర్నరు చూస్తాడంట. ఆ గవర్నరు చూడబట్టే గదా మనం రోము దాకా పోయింది?"

"బాట దిగి బాధించరాదు," అన్నాను. "మిగతాది పొట్టు. ఈ మాట చాలు మనకు."

"కాగితం చూపిస్తే సిపాయి ముక్కు చీదుకుంటాడు."

"అందుకే కాగితం చూపించొద్దు. రాతి మీద చెక్కి, బాట నించి మన ఊరికి మలుపు తిరిగే చోట పాతుదాం. రాతితో ముక్కు చీదుకోమను."

రాతిపని మా మామ పాపియాసుది. మా పక్క సమాధి రాళ్ళు తలుపు ఆకారంలో ఉంటాయి, మూసిన తలుపు. దాని చుట్టూ చనిపోయినవాళ్ళ పేర్లు, వాళ్ళ పనిముట్లు, అట్టడుగున శాపం. నలభై ఏళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆ తలుపులు చెక్కింది మామే. సుత్తి మోతకు చెవులు సగం పోయాయి. చదువు రాదు. అక్షరాల ఆకారం తెలుసు, అంతే. నాకు చదువొచ్చింది ఆ రాళ్ళ మీదే. పెళ్ళైన కొత్తలో మధ్యాహ్నం ఎండవేళ సమాధుల మధ్య కూర్చుని, ఇది మామ తల్లి పేరు, ఇది అత్త పేరు అని వేలు పెట్టి గీరుకుంటూ నేర్చుకున్నాను. పంతులు ఎవరూ లేరు.

మామ దగ్గర మంచి రాయి ఒక్కటే ఉంది. మామ తన కోసం తానే తీసి పెట్టుకుని, గోడకు ఆనించి ఉంచుకున్నది. ఇంకా తలుపు చెక్కలేదు.

"మామా, ఆ రాయి కావాలి."

"తీసుకో," అన్నాడు, చెవిటివాళ్ళు అరిచినట్టు.

"మరి రేపు నువ్వు పోతే?"

"పోతే మట్టిలో పెట్టు. రాయి లేకపోతే నాకేం చలెయ్యదు."

నేను బొగ్గుతో అక్షరాలు గీశాను. ఆయన వాటి మీద ఉలి నడిపాడు. పదకొండు రోజులు పట్టింది. చివరి రోజు నేను కోతకు పోయాను, బార్లీ ఎండిపోతోంది. సాయంత్రానికి వచ్చేసరికి మామ పని ముగించి, అక్షరాలకు ఎర్రరంగు పూసి, పైన గోనె కప్పేశాడు. మర్నాడు ఊరంతా కలిసి బండి మీద మలుపు దగ్గరికి తీసుకుపోయి, రెండు గుండ్ల మధ్య నుంచి దారి ఇరుకుగా వచ్చే చోట, దారి పక్కనే పాతాం. ఎద్దులను కాచే ఉరుముల దేవుడికి పూజారి ద్రాక్షసారా వొంపాడు. గోనె తీశారు. నన్ను చదవమన్నారు.

గొంతెత్తి చదివాను. చక్రవర్తి పేరు, వెజైస రైతులకు, గవర్నరు, బాట దిగరాదు. ఆగకుండా కిందికి దిగాను. కింద ఇంకో రెండు వరుసలున్నాయి. అవి పట్నంలో అర్జీలు రాసే పెద్ద భాషలో లేవు, మా కొండ భాషలో ఉన్నాయి. నా కన్ను వాటిని చదివేలోపే నా చుట్టూ ఉన్న జనం అందుకున్నారు. సమాధి దగ్గర ఆ మాటలు అందరూ కలిసి అనడం మా ఆచారం. అలవాటు కొద్దీ ఊరంతా ఒక్క గొంతుతో అనేసింది.

"ఈ రాతికి కీడు తలపెట్టినవాడు దేవుళ్ళ ఎదటా మనుషుల ఎదటా శాపం తగిలి పోవుగాక."

 ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది.

"మామా," అన్నాను. "ఇదేంది చెక్కావు?"

"కింద జానెడు ఖాళీ ఉంది."

"ఖాళీ ఉంటే?"

"ఖాళీ ఉంటే అదే గదా చెక్కేది!" అన్నాడు మామ, అడిగినందుకే చిరాకుపడుతూ.

జోతికు రాతికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "అయిపోయాం. బతికున్న చక్రవర్తికి సమాధి రాయి పాతిన ఊరు ఇంకోటి లేదు ఈ భూమ్మీద. తలకాయలు తీస్తారు. పగలగొట్టండి, ఇప్పుడే, ఎవరూ చూడకముందే!" సుత్తి తెచ్చి మామ చేతిలో పెట్టాడు. "నువ్వు చెక్కావు, నువ్వే పగలగొట్టు."

మామ సుత్తిని చూశాడు, రాయిని చూశాడు. "నాకొద్దు. ఏం రాసుందో వినలా?"

సుత్తి పక్కవాడి చేతికి పోయింది. వాడికి నడుం నొప్పంట. ఆ పక్కవాడికి చంటిపిల్ల ఉందంట. ఆరుగురు మగాళ్ళ చేతులు తిరిగి సుత్తి మళ్ళీ జోతికు దగ్గరికే వచ్చింది.

"నువ్వు కొట్టు పెద్దయ్యా," అన్నాను.

"నేను ఊరి పెద్దను, కొట్టకూడదు," అని ఆయన సుత్తి కింద పెట్టేశాడు. చివరికి కింది రెండు వరుసల మీద బంకమట్టి మెత్తి, గడ్డి అడ్డంగా పెట్టి, ఇళ్ళకు వచ్చేశాం.

మొదటి వాన పడింది. నేల మెత్తబడింది. ఇక పది పన్నెండు రోజుల్లో దున్ని చల్లేయాలి. మా కొండ మీద ఆ రోజులు దాటితే చలి విత్తనాన్ని నేలలోనే చంపేస్తుంది. నేను పొద్దున్నే నల్లచెవినీ మొండినీ కట్టి మూడు చాళ్ళు తోలానో లేదో, ఎనిమిది మంది సిపాయిలు, ముందు వాళ్ళ శతాధిపతి, పొలానికి అడ్డం పడి వచ్చేశారు.

శతాధిపతి పేరు విటాలిసు. ఎక్కడో ఉత్తరాన పెద్ద నది అవతలి పక్క మనిషి. పెద్ద భాష యాసగా మాట్లాడతాడు, మా కొండ భాష రాదు. మనిషి దుర్మార్గుడని చెప్పను. అలిసిపోయి ఉన్నాడు, బూట్లకు మోకాళ్ళ దాకా బురద.

"బాట మీద స్తంభం ఇరుక్కుంది. నాలుగు ఎద్దులు పడిపోయాయి," అన్నాడు. "విప్పండ్రా."

"చౌకీ ఊరు ముందుంది గదా దొరా."

"ముందంటే ఒక పూట నడక. పోయి, చీటీ రాయించి, తోలుకొచ్చేసరికి రెండు రోజులు."

"రెండు రోజులాగితే రాతికి ఆకలేస్తుందా? నాకు ఈ పది రోజులు పోతే ఏడాది పోయినట్టే. దున్నని నేల పెత్తందారు లాక్కుంటాడు."

"అది మీ పెత్తందారుతో చెప్పుకో."

కాడి విప్పారు. పక్క చేలో జోతికు జతను, ఆ అవతల ఇంకో జతను కూడా విప్పారు. ఊరికి మిగిలినవి అవే. మూడు జతలను తాళ్ళు పట్టి మలుపు వైపు నడిపించారు. నేను నాగలి అక్కడే వదిలి, చేలకు అడ్డంగా పరుగెత్తి, వాళ్ళకంటే ముందు రెండు గుండ్ల మధ్య ఇరుకు దారిలో నిలబడ్డాను. అరుపులకు ఊరంతా వెనకే వచ్చింది. మామ కూడా వచ్చాడు, చేతిలో ఉలితోనే. వానకు బంకమట్టి కారిపోయి ఉంది. గడ్డి ఎగిరిపోయింది. ఏడు వరుసలూ ఎర్రగా కడిగినట్టు కనబడుతున్నాయి.

"చదువుకుని దాటండి," అన్నాను.

"వచ్చేటప్పుడే చూశానులే." విటాలిసు నవ్వాడు. చేత్తో చక్రవర్తి పేరు మీద తట్టాడు. "ఈయన పోయాడు తల్లీ. సొంత దండువాళ్ళే గుడారంలో పొడిచారు. ఇప్పుడు వేరే ఆయన. ఈయన పేరు ఎక్కడ కనబడితే అక్కడ చెరిపేయమని ఉత్తర్వు. మనిషే లేడు, ఆయన మాటకు విలువేంది?"

 జోతికు మెల్లగా నేల మీద కూలబడి, మా మామ వైపు చూశాడు. తర్వాత అందరూ చూశారు.

"నన్నెందుకు చూస్తారు?" అన్నాడు మామ. "ఖాళీ ఉందని చెప్పానుగా."

ముందు జత తాడు పట్టుకున్న సిపాయి రాతి దగ్గరికి వంగాడు. వాడి పేరు మెనాసు. అట్టడుగు రెండు వరుసలు పెదాలతో కూడబలుక్కుంటున్నాడు. ఆ కూడబలుక్కునే తీరు చూడగానే నాకు అర్థమైంది, వీడు మన కొండవాడు.

"మీ అమ్మది ఏ ఊరు నాయనా?" అని మా భాషలో అడిగాను.

వాడు ఉలిక్కిపడి, "ఆ కొండవతల, రెండు రోజుల నడక," అన్నాడు, అదే భాషలో. తర్వాత, గొంతు తగ్గించి, "అక్కా, ఇది ఎప్పుడు పాతారు?"

"కోతల చివర."

వేళ్ళు ముడుచుకుంటూ రోజులు పోల్చుకున్నాడు. "ఆయన్ను చంపింది ఆ తర్వాత వారమే."

"ఏంది గొణుగుడు?" అన్నాడు విటాలిసు. "ఇవేం అక్షరాలు? ఏం రాసుంది?"

మెనాసు చెప్పాడు. చెబుతూ వాడు రాతి నించి రెండడుగులు వెనక్కి జరగడం చూశాను. అప్పుడే నాకు నోరు తెరుచుకుంది.

"గవర్నరు విచారిస్తాడని ఆయన ఇందులో రాశాడు దొరా," అన్నాను. "గవర్నరు వచ్చాడా? రాలా. బాట దిగరన్నాడు. దిగారా? దిగారు. మాట తప్పింది ఎవరు, పోయింది ఎవరు? ఇప్పుడు అదే మాట మీద నించి ఆరు ఎద్దుల్ని తోలుకుపోతానంటున్నారు మీరు. పొండి. నేను అడ్డం తప్పుకుంటా."

నిజంగానే పక్కకు తప్పుకున్నాను. ఆ శాపాన్ని నేను నమ్మానా అని తర్వాత చాలామంది అడిగారు. నాకు తెలియదు. ఆ పూట నా చేతికి అందిన పనిముట్టు అది. వాడాను.

మెనాసు తాడు వదిలేశాడు.

"పట్టుకో!" అరిచాడు విటాలిసు.

"కొరడాతో కొట్టండి దొరా. కొరడా ఎప్పటికైనా ఆగుద్ది. ఇది ఆగదు. పోయినేడు మా ఊళ్ళో సమాధి రాయి ఎత్తుకుపోయి గడపకు వేసుకున్న ఇంట్లో..." చెప్పబోయి ఆగిపోయాడు. మిగతా కొండవాళ్ళు ఇద్దరికి అది చాలు. వాళ్ళూ తాళ్ళు జారవిడిచారు. వేరే దేశాల వాళ్ళకు ఏం జరుగుతోందో తెలియలేదు గాని, తోటివాళ్ళు వదిలేసిన తాడును ఎవడు పట్టుకుంటాడు?

విటాలిసు బూతు ఒకటి ఊసి, తానే మొండి తాడు అందుకుని లాగాడు. మొండి నాలుగు కాళ్ళూ నేలలో దిగ్గొట్టింది. కొరడా దెబ్బ పడింది. తోలు తెగి రక్తం కనబడింది. మొండి నా వైపు చూసింది గాని అడుగు వెయ్యలేదు. ఇంకో దెబ్బ. ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దాని పక్కన నిలబడ్డారు. ఎవరూ చెయ్యెత్తలేదు, ఎవరూ అరవలేదు. ఆ ఇరుకు దారిలో ఎద్దు పక్కన ఎద్దులాగా నిలబడ్డారు, అంతే. ఆయన మూడోసారి కొరడా ఎత్తి దించుకున్నాడు. వెనక్కి చూసుకుంటే ఎనిమిది మందిలో ఒక్కడు కూడా ముందుకు రావడం లేదు.

నేను అసలు సంగతి ఎత్తాను. "దొరా, మీకు పేరు చెరిపేయమని ఉత్తర్వుందన్నారు."

"ఉంది."

"చెరపకుండా పోతే?"

 పోయినవాడి పేరు నిలబెట్టాడని ఎవడో పైకి రాస్తే ఆయన పదవి పోతుంది. తల కూడా పోవచ్చు. అది నాకంటే ఆయనకే బాగా తెలుసు.

"మీ వాళ్ళెవరైనా ఉలి పడతారేమో అడగండి," అన్నాను.

అడగాల్సిన పని లేకపోయింది. సిపాయిలు అందరూ బూట్లు చూసుకుంటున్నారు.

"ఆ పేరు తీయగలిగేది ఈ ముసలాయన ఒక్కడే. చెక్కిన చెయ్యి గదా. తీయిస్తా. రెండు పనులు చెయ్యాలి మీరు. ఎద్దుల్ని ఎక్కడ విప్పారో అక్కడ కట్టాలి. పేరు పోయాక మిగతా నాలుగు వరుసలూ మీ నోటితో మీ వాళ్ళకు చదివి వినిపించాలి."

"నేను మీ ఊరి దండోరావాణ్ణా?"

"మీ ఉత్తర్వు తీసి చూసుకోండి. పేరు తీయమని ఉందా, మాట తీయమని ఉందా?"

సంచిలోంచి ఉత్తర్వు తీశాడు. అంత కోపంలోనూ శ్రద్ధగా చదివాడు. అప్పుడు ఆ మనిషి మీద నాకు కొంచెం గౌరవం కలిగింది. దాన్ని మడిచి మళ్ళీ సంచిలో పెట్టాడు.

"పేరే," అన్నాడు.

మామకు చెవిలో అరిచి చెప్పాను. ఆయన రాతి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ముందు దాని నుదుటి మీద చెయ్యి వేశాడు. "కోపం తెచ్చుకోకే. కీడు కాదు, తప్పు దిద్దుతున్నా," అని దానికి చెప్పి, ఉలి పెట్టాడు. పదకొండు రోజుల పనిలో ఒక వరుస అరపూటలో పొడి అయిపోయింది. చక్రవర్తి పేరున్న చోట నున్నటి గుంట మిగిలింది.

"కొత్త ఆయన పేరు ఎక్కించండి అందులో," అన్నాడు విటాలిసు.

"ఎన్ని అక్షరాలు?" అన్నాడు మామ.

విటాలిసు పేరు చెప్పాడు. చాలా పొడుగు పేరు, బిరుదులతో కలిపి. నేను వేళ్ళతో చూపించాను. మామ గుంట వైపు చూసి తలూపాడు. "పట్టదు. పొట్టి పేరున్నవాడు వచ్చినప్పుడు చూద్దాం."

సిపాయిల్లో ఎవడో ఫక్కుమన్నాడు. విటాలిసు వాడి వైపు తిరగలేదు. రాతి ముందు నిలబడి, వంటపాత్రలు లెక్క చెప్పేవాడిలాగా గబగబా చదివాడు. దండువాళ్ళు గాని బండ్లవాళ్ళు గాని బాట దిగి బాధించరాదు. కింది రెండు వరుసలు వదిలేశాడు. మేము వదల్లేదు. ఊరంతా కలిసి అన్నాం. ఈసారి అలవాటు కొద్దీ కాదు. మెనాసు పెదాలు కూడా కదిలాయి.

వాళ్ళు చౌకీ ఊరికి పోయి ఎద్దులు తెచ్చుకున్నారు. రెండు రోజులు పట్టింది. స్తంభం బాట మీదే పడుకుంది. రోము కూలిపోలేదు.

మొండి గాయానికి వెన్న, పసరు రాసి, ఒక్క రోజు ఆపి మళ్ళీ కట్టాను. తొమ్మిదో రోజుకు నా చేను అయింది. పన్నెండో రోజుకు ఊరి చేలన్నీ అయినాయి. మూడు జతలూ అందరి నేలా దున్నాయి. పెత్తందారు వచ్చి చూసి, ఏమనాలో తెలియక, రొట్టె, జున్ను, ఉల్లిపాయ తిని పోయాడు.

ఇక్కడితో గెలిచామని చెబితే అబద్ధం. చలి తగ్గాక వేరే గుంపు ఒకటి వచ్చింది. మలుపు దగ్గర రాయి ఉందని ఎట్టా విన్నారో విన్నారు. వాగు వైపు నించి, గొర్రెల దారిన ఎక్కివచ్చి, జోతికు జతను తోలుకుపోయారు. అక్కడ రాయి లేదు గదా. జోతికు రెండు రోజులు తిండి ముట్టలేదు. మూడో రోజు మా వాకిట్లోకి వచ్చి, మామ ముందు ఒక బొగ్గు ముక్క పెట్టాడు.

"వాగు దగ్గర ఇంకోటి పాతాలి," అన్నాడు. "రాయి నేను తెస్తా. మా నాయన సమాధికని పెట్టుకున్నది."

"ఈసారి ఏం చెక్కమంటావు?" అన్నాడు మామ.

"ముందు శాపం చెక్కు," అన్నాడు జోతికు. "అది పైన ఉండాలి, కళ్ళకు ఎదురుగా. చక్రవర్తి మాట దాని కింద."

ఆ రాయి చెక్కుతున్నప్పుడే బాటకు అటూ ఇటూ ఉన్న ఊళ్ళ వాళ్ళు రావడం మొదలుపెట్టారు. మొదట ఇద్దరు, తర్వాత గుంపులు. అక్షరాలు ఎత్తి రాసుకుంటామన్నారు. ఆ ఊళ్ళలో చదువొచ్చినవాళ్ళు లేరు. సమాధుల మధ్య కూర్చోబెట్టి ఆడవాళ్ళకు నేనే నేర్పాను. నాలుగు వరుసలు, వాటిలో పంతొమ్మిది రకాల అక్షరాలు. కోతలయ్యేసరికి తొమ్మిది మందికి వచ్చేశాయి.

విత్తనాలప్పటికి కొత్త చక్రవర్తికి కొత్త అర్జీ పట్టుకుని పట్నం పోయాను. ఈసారి జోతికు ఒక్కడే కాదు, ఏడు ఊళ్ళ పెద్దలు నా వెనక ఉన్నారు. గ్లైకోను అంగడి అరుగు మీద చోటు చాలక వీధిలో నిలబడ్డారు. ఆయన నన్ను చూడగానే గుర్తుపట్టి నిట్టూర్చాడు. కలం ముంచి, అలవాటు ప్రకారం మొదలుపెట్టాడు.

"పరమ ధన్యమైన తమరి పాలనలో, భూమండలమంతా శాంతితో, సుఖంతో, నిశ్చింతగా..." ఆగి, తలెత్తి చూశాడు. "చివర ఆ తోక ఉందా ఈసారి కూడా?"

"ఉంది. మేము తప్ప. ఊళ్ళ పేర్లు వరసగా పెట్టు." ఏడూ చెప్పాను. వెనక నించి ఎవరో, మా అక్కవాళ్ళ ఊరు కూడా చేర్చమని అరిచారు. ఇంకెవరో ఇంకో రెండు చెప్పారు.

గ్లైకోను కాగితం వైపు చూశాడు, వీధిలో నిలబడ్డ జనం వైపు చూశాడు.

"ఇన్ని ఊళ్ళు తప్ప అని రాస్తే, ఇంక శాంతిగా ఉన్నదెవరమ్మా?"

"ఆయన్నీ అదే అడుగుతున్నాం," అన్నాను. "రాయి."